ఎలుకల మీద ఊరంతా ఒకేరోజు కదలడం మీ దగ్గర ఎలా కుదిరింది?

శివారు రైతు (జనవరి 22, రాత్రి 8:50)

అందరికీ నమస్కారం. మాది ఆచంట దగ్గర కాలవ శివారు ఊరు. 4 ఎకరాలు కౌలుకి చేస్తున్నాను. దాళ్వాకి 1121 రకం వరి వేశాను. క్రిస్మస్ వారంలో ఊడ్పులయ్యాయి. దుబ్బు బాగా పిలకేసింది, మొదటి కోటా యూరియా పట్టింది, చేను చూస్తే కడుపు నిండేది. అప్పుడు దిగింది ఎలుక.

మొదట్లో మొవ్వ పురుగనుకున్నాను. దుబ్బు దగ్గర గొంతుక్కూర్చుని చూశాక తెలిసింది. నీటి మట్టానికి వేలెడు పైన పిలక ఏటవాలుగా, కలానికి పాళీ చెక్కినట్టు తెగి ఉంది. తెగిన ముక్కలు నీళ్ళ మీద తేలుతున్నాయి. పురుగైతే మొవ్వ ఎండిపోతుంది, పీకితే చేతికొస్తుంది, ఇలా కోసి పారెయ్యదు. పైగా గట్టు వారన రెండు మూడు వరసలు వదిలేసి, లోపల చాప పరిచినంత మేర ఖాళీ చేస్తుంది. గట్టు మీద నడిచి పోయేవాడికి చేను నిండుగానే కనిపిస్తుంది. అందుకే పక్కవాళ్ళు నమ్మట్లేదు.

ఈ నెలలో రెండుసార్లు మందు పెట్టాను. నా గట్ల మీద కన్నాలు తగ్గాయి. వారం పది రోజులు తిరక్కుండా కొత్త మట్టి తోడేసి ఉంటోంది. తూర్పు పక్క చేపల చెరువు గట్టు. పడమట 3 ఎకరాల ఆసామి హైదరాబాదులో ఉంటాడు. కౌలు కుదరక ఈ ఏడు బీడు పెట్టేశాడు, తుంగ నడుమెత్తు పెరిగింది. ఉత్తరాన మురుగు కాలవ. మూడు వైపుల నుంచి ఎలుక వస్తుంటే మధ్యలో నేనొక్కణ్ణి మందు పెట్టి ఏం లాభం?

సంక్రాంతి వెళ్ళాక రామాలయం దగ్గర అందర్నీ పిలిచాను. 11 మంది వచ్చారు. అందరూ "చెయ్యాల్సిందే" అన్నారు. రోజు ఎప్పుడంటే ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన నా చేలో లేవు కదా అన్నాడు. కౌలువాడివి, నీకెందుకీ పెద్దరికం అన్నట్టు చూసినవాళ్ళూ ఉన్నారు. ఆ చూపు ఇంకా గుచ్చుకుంటోంది.

మీలో ఎవరైనా ఊరందరితో ఒకేరోజు చేయించి ఉంటే ఎలా చేయించారో చెప్పండి. మందు సంగతి కొంత తెలుసు. మనుషుల్ని కదిలించడమే తెలియట్లేదు. మా చిన్నాన్న కొడుకు ఆస్ట్రేలియాలో కుందేళ్ళ మీద ఊళ్ళకి ఊళ్ళు కలిసి పనిచేస్తారని చెప్పాడు. దాని గురించి తెలిసినవాళ్ళున్నా రాయండి.

కాలవగట్టు (జనవరి 22, రాత్రి 9:35)

మీటింగులు పెట్టుకుంటూ కూర్చుంటే చేను అయిపోద్ది. చుట్టూ జీఐ తీగ లాగి రాత్రిపూట కరెంటు వదులు. మావైపు కొందరు అదే చేస్తున్నారు.

కోనసీమ కోడలు (జనవరి 23, ఉదయం 6:10)

తమ్ముడూ, ముందు పైన రాసినాయనకి చెప్పి నీ సంగతికొస్తాను. ఏవండీ, ఆ తీగ మాట ఇంకెక్కడా ఎత్తకండి. మా పక్క ఊళ్ళో తెల్లారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనిషి అలాంటి తీగ మీదే పడ్డాడు. తీగ వేసింది ఎవరో కాదు, సొంత అన్నగారు. పొద్దున్న పరిగెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఇంట్లో వదినా మరుదులు ఇప్పటికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. తీగ ఉందని పక్క చేనివాడికి తెలియదు, గేదెకి తెలియదు, చీకట్లో చేపలకి వల వేసే కుర్రాడికి తెలియదు. అది నేరం కూడాను. దయచేసి ఆ రాసింది తీసెయ్యండి.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది వైనతేయ పాయకి దగ్గర. మా బోదె (పొలాలకి నీళ్ళిచ్చే కాలవ) కింద 160 ఎకరాలు వరి, మధ్యలో కొబ్బరి దిబ్బలు, నాలుగు చెరువులు. సాగు చేసేవాళ్ళు డెబ్బై మందికి పైనే, అందులో సగానికి మించి కౌలుదారులు. మేమూ కౌలే. అందుకని నువ్వు రాసిన ఆ చూపు నాకు తెలుసు.

మొదటి ఏడు మేము చేసిందీ నువ్వు చేసినట్టే. దండోరా వేయించాం, రైతు సేవా కేంద్రంలో మందు తీసుకున్నాం, ఫలానా రోజు అన్నాం. 160లో ఓ నలభై ఎకరాలు మిగిలిపోయాయి. కొందరికి ఆ రోజు పెళ్ళి, కొందరు మందు తీసుకెళ్ళి అటక మీద పెట్టారు. మూడు వారాల్లో ఎలుక మళ్ళీ యథాతథం. అప్పుడు మందు మంచిది కాదన్నారు, కల్తీ అన్నారు. మందు తప్పు కాదు తమ్ముడూ. ఖాళీ అయిన కన్నం ఖాళీగా ఉండదు. పక్క గట్టు మీద చోటు చాలని ఎలుక వచ్చి అందులో కాపురం పెడుతుంది. కట్టిన ఇల్లు దొరికితే ఎవరు కాదంటారు?

రెండో ఏడు సంగతి మా డ్వాక్రా మీటింగులో తేలింది. పొదుపు లెక్కలయ్యాక మా సంఘంలో ఊడ్పుల ముఠా మేస్త్రమ్మ ఒకావిడ అంది, "మగాళ్ళు గట్టు మీద నిలబడి లెక్కేస్తారు. గట్టు కింద ఎక్కడెక్కడ కన్నముందో కాలు దిగబడేది మాకు" అని. నిజమే కదండీ. నారు పీకేది, ఊడ్చేది, కలుపు తీసేది వాళ్ళే. ఏ గట్టు గుల్లయిందో వాళ్ళ పాదాలకి తెలుసు. మర్నాడు స్కూలు అరుగు మీద ముగ్గుపిండితో బోదె గీశాం. బోదె నుంచి పిల్ల కాలవలు, గట్లు, పుంత, చెరువులు, దిబ్బలు అన్నీ. ఎవరికి తెలిసిన గట్టు వాళ్ళు గీశారు. కన్నాలున్న చోటల్లా చింతగింజ పెట్టమన్నాను. గంటలో అరుగు మీద చింతగింజలు వరసలు కట్టేశాయి. అప్పుడు కనపడింది. మేము మొదటి ఏడు మందు పెట్టిన చోట గింజలు పలచగా ఉన్నాయి. చెరువు గట్లు, కొబ్బరి దిబ్బల చుట్టూ, కాలవ గట్టు పొడుగునా గుట్టలు పడ్డాయి. అంటే అసలు ఎవరి చేనూ కాని చోటే ఎలుకల ఊరు.

ఆ ముగ్గు చూడ్డానికి పొలాల ఆసాములు వచ్చారు. పిలవలేదు, వాళ్ళే వచ్చారు. వాళ్ళ గట్టు మీద గింజ ఎవరు పెట్టారని అడిగేవాడొకడు, తన గట్టు మీద ఇంకా ఎక్కువుంటాయి పెట్టమనేవాడొకడు. రామాలయం దగ్గర మీటింగులో రాని మాట అక్కడొచ్చింది. నువ్వూ ముందు ఉపన్యాసం మానేసి నేల మీద గీయి.

చెరువు ఆసామి మొదట "నాకు వరి లేదు, నాకేం పని" అన్నాడు. నేను ఆయన్ని గట్టు మీదకి తీసుకెళ్ళి ఒక కన్నంలో బిందెడు నీళ్ళు పోయించాను. కాసేపటికి ఆ నీళ్ళు అవతల వాలులో ఊరాయి. వానాకాలంలో గట్టు తెగితే చేపంతా మురుగు కాలవ పాలని ఆయనకి వేరే చెప్పాలా. ఆ ఏడు నూకలు, నూనె ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు.

ఊళ్ళో లేని ఆసాములకి ఫోన్లు చేశాం. మాటలు పనిచెయ్యలేదు. వాళ్ళ గట్టు పగలగొట్టి తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపితే పనిచేసింది. ఆ రోజు నేనే గునపం పట్టాను. నీకు తెలిసే ఉంటుంది, పైన నోటి దగ్గర కుప్పగా మెత్తటి మట్టి తోడేసి, లోపల నుంచి మూసేసుకుంటుంది. ఆ బిరడా తీస్తే తడి గడ్డివామి వాసన వస్తుంది. సొరంగం రెండు మూరలు పోయి మెలిక తిరిగింది. మెలిక దాటాక ఓ గది, అందులో వెన్నులు. ఎవరో పనలు సర్దినట్టు ఒకే వైపుకి తలలు పెట్టి పేర్చి ఉన్నాయి. చాటలో పోస్తే చాట నిండింది. ఇంకో గదిలో చింపిన గడ్డి పరుపు, దాని మీద కళ్ళు తెరవని పిల్లలు తొమ్మిది. నాకు పాపమనిపించింది, దాచను. కానీ ఆ చాటలో ఉన్నది మా పిల్లల స్కూలు ఫీజు.

పని వరస ఇలా పెట్టుకున్నాం. ముందు మందు కాదు, బుట్టలు. ఎలుకలు పట్టే యానాది కుటుంబాలు రెండు మా ఏటిగట్టు మీద ఉంటాయి. వెదురు బద్ద విల్లులా వంచి, ఉచ్చు తాడు బిగించిన బుట్టలు సాయంత్రం గట్ల మీద పెట్టి పొద్దున్న తీస్తారు. ఏ దారిలో ఎలుక నడుస్తుందో వాళ్ళు గడ్డి వంగిన తీరు చూసి చెబుతారు. మా అందరికీ కలిపి ఉన్న తెలివి వాళ్ళ ఒక్కొక్కరి దగ్గర ఉంది. ఎలుకకి 30 రూపాయలు ఇచ్చాం, తోకలు లెక్కపెట్టి సాయంత్రానికల్లా చేతిలో పెట్టాం. అప్పు చెప్పలేదు. ఒక సంగతి మర్చిపోకు: వాళ్ళు పట్టిన ఎలుక తింటారు. మందు తిన్న ఎలుక వాళ్ళ కుండలోకి వెళ్ళకూడదు. అందుకే మందు ముందు పెట్టి తర్వాత వాళ్ళని పిలవడమన్నది ఎప్పుడూ చెయ్యకు. వాళ్ళని మీటింగులో కూర్చోబెట్టి, తేదీ వాళ్ళతో కలిసి అనుకోండి.

బుట్టలు వారం రోజులు నడిచాక కన్నాలు మూసే రోజు. సాయంత్రం నాలుగింటికి అందరూ ఒక్కసారే దిగి, కనపడ్డ ప్రతి కన్నం తడిమట్టితో మూసేశాం. పెద్ద పిల్లలు కూడా వచ్చారు. మర్నాడు పొద్దున్న తెరిచి ఉన్నవి మాత్రమే లెక్క. 600 పైచిలుకు మూస్తే 240 తెరుచుకున్నాయి. ఆ 240 దగ్గర పాత చీర పేలిక కట్టిన పుల్లలు గుచ్చాం. మందు పొట్లం ఆ పుల్లల దగ్గరే. దీంతో సగానికి పైగా మందు మిగులుతుంది, పైగా ఎవరు చేశారో ఎవరు చెయ్యలేదో దూరం నుంచే కనపడుతుంది. పుల్ల ఉండి పొట్లం పడలేదంటే మేమే వెళ్ళి పెట్టేశాం. ఎవర్నీ ఏమీ అనలేదు.

మూడో ఏడు తెరుచుకున్నవి 70 దాటలేదు. ఎకరానికి 120 రూపాయలు చందా వేసుకున్నాం, అంతే. ఇప్పుడు బోదె మీద ఇదొక పండగ రోజులా అయిపోయింది.

శివారు రైతు (జనవరి 23, మధ్యాహ్నం 1:20)

అక్కగారూ, మీ రాత రెండుసార్లు చదివాను. మా ఆవిడ చేత కూడా చదివించాను. ఆవిడ ఊడ్పుల ముఠాలోనే ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను ఆవిణ్ణి అడగనే లేదు. చెరువు గట్టు మీద ఎన్ని ఉన్నాయంటే వేళ్ళ మీద చెప్పేసింది.

మాకు రోజులు తక్కువ. ఇప్పటికే నెల చేను. ఇంకెంత టైముంది?

రిటైర్డ్ ఏఈవో (జనవరి 23, సాయంత్రం 5:45)

వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి, విస్తరణాధికారిగా (ఏఈవో) దిగాను. ఎక్కువ కాలం డెల్టాలోనే. ఎలుకల పని మార్టేరు పరిశోధన స్థానంలో శిక్షణల్లో నేర్చుకున్నాను.

మీకున్నది ఇంకో రెండు వారాలు. చిరుపొట్ట (పిలక లోపల వెన్ను పుట్టే దశ) దాటక ముందే అయిపోవాలి. కారణం చెబుతాను. చేను పొట్టకొచ్చాక ఎలుకకి లోపలే తీపి తిండి దొరుకుతుంది, మన నూకలు ముట్టుకోదు. పైగా ఆ తిండితోనే ఈతలు మొదలవుతాయి. మూడు వారాల చూలు, ఈతకి ఎనిమిది పది పిల్లలు. ఇవాళ ఒక జత పోతే కోతల నాటికి ఓ మంద పోయినట్టు. ఈనిక మీద చేసేది కష్టానికి తగ్గ ఫలితం ఇవ్వదు.

బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపే తీరులోనే చాలామంది పొరబడతారు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు. కిలోకి చెప్పాలంటే 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు. ముందు నూనె పట్టించి తర్వాత మందు కలపాలి. కన్నానికి 15 గ్రాముల పొట్లం, కాగితంలో కట్టి, కన్నం లోపలికి పుల్లతో తోయాలి. గట్టు మీద పారేసే ఎర పిట్టలకి, కుక్కలకి. చేతికి ప్లాస్టిక్ కవరు వేసుకోండి. మందు తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు, నాలుగైదు రోజుల తర్వాత మొదలవుతుంది. మర్నాడు చావలేదని మందు మీద కోపగించుకోవద్దు. ఆ ఆలస్యమే దాని బలం, మిగతా ఎలుకలకి అనుమానం రాదు. పదిహేను రోజులకి మళ్ళీ కన్నాలు మూసి చూసి, తెరిచినవాటికి మాత్రం రెండో విడత.

జింకు ఫాస్ఫైడు అనే ఇంకో ఎలుకల మందు జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు. రెండు రోజులు ఉత్త నూకలు అలవాటు చేసి మూడో రోజు పెట్టాలి. ఓసారి దెబ్బతిని బతికిన ఎలుక నెలల తరబడి ఆ ఎర తాకదు. మనిషి పొరపాటున మింగితే దానికి విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్‌కి విటమిన్ కె1 ఉంది. అది కూడా ఆస్పత్రిలో, వెంటనే. ఏ మందు మింగారో ప్యాకెట్టు పట్టుకెళ్ళండి. ఇక ఎరలో పురుగుమందు గుళికలు కలిపే అలవాటు కొన్ని చోట్ల చూశాను. కొంగలు, కాకులు, గువ్వలు అన్నీ పోతాయి. అలా చేసే రైతుల్ని చూసి చాలా బాధపడ్డాను.

చచ్చిన ఎలుకల్ని పొద్దున్నే ఏరి లోతుగా పాతిపెట్టండి. గుడ్లగూబ, పిల్లి, పాము వాటిని తింటే వాటికీ ప్రమాదమే. చేలో అక్కడక్కడ ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో కర్రలు పాతండి, రాత్రి గుడ్లగూబ వచ్చి కూర్చుంటుంది. అపశకునమని కొడతారు కొందరు. ఊళ్ళో ఎలుకలు పట్టే కూలి అడగని మనిషి అదొక్కటే.

బాతుల మందలవాళ్ళకి కబురు పెట్టడం మర్చిపోవద్దు. కోతలు అవగానే దిగుతారు. ఎక్కడెక్కడ మందు పెట్టారో ముందే చెప్పాలి.

పనయ్యాక సబ్బుతో కాళ్ళు చేతులు కడుక్కోండి. కాళ్ళకి పుండ్లుంటే నీళ్ళల్లో దిగొద్దు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, ఎలుక జ్వరమంటాం. జ్వరం, పిక్కలు పీకడం, కళ్ళెర్రబడటం ఉంటే డాక్టరుకి పొలం పని చేస్తున్నామని చెప్పండి.

వచ్చే సార్వాకి ఒక పద్ధతి చూడొచ్చు. వియత్నాం, ఇండోనేషియాల్లో వాడతారు. ఊళ్ళో అందరికంటే రెండు మూడు వారాల ముందు ఓ చిన్న మడి, సుమారు 20 మీటర్ల చదరం, ఊడ్చి దాని చుట్టూ ప్లాస్టిక్ పట్టా నిలబెడతారు. పట్టాకి కన్నాలు చేసి లోపలి వైపు బోన్లు పెడతారు. ముందుగా పచ్చబడ్డ మడి కోసం చుట్టుపక్కల ఎలుకంతా అక్కడికే వస్తుంది. మందు లేదు. రోజూ పొద్దున్న బోన్లు చూసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి కూలి అందరూ వేసుకోవాలి. మళ్ళీ సమష్టి పనే.

బెండిగోలో రాజోలు (జనవరి 24, ఉదయం 7:00)

రాజోలు దగ్గర పుట్టాను, పదేళ్ళుగా ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం బెండిగో చివర ఉంటున్నాను. కుందేళ్ళ పనికి మా వీధివాళ్ళతో వెళ్తుంటాను కాబట్టి రాస్తున్నాను. ముందే చెప్పాలి, ఎలుక మన నేలదే. ఇక్కడ కుందేలు ఎవరో తెచ్చి వదిలింది. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి ఇంగ్లండు నుంచి తెప్పించిన 24 కుందేళ్ళు వించెల్సీ దగ్గర ఆయన బార్వన్ పార్క్ ఎస్టేటుకి చేరాయి. వేట సరదాకి. ఆ సరదాకి ఈ దేశం ఇప్పటికీ అప్పు తీరుస్తోంది.

మన కోడలక్క చెప్పిన ఖాళీ కన్నం మాట చదివి నాకు ఆశ్చర్యమేసింది. ఇక్కడ మా ముసలి పొరుగాయన మొదటి రోజు చెప్పింది సరిగ్గా అదే. కుందేలు గుల్ల (నేలలో సొరంగాల ఇల్లు) తవ్వడం తేలిక కాదు, అందుకని పాత గుల్ల ఉన్నంత కాలం వేరే పొలం నుంచి వచ్చి చేరుతుంది. చంపడం సగం పనే, గుల్ల లేకుండా చెయ్యడం రెండో సగం. ఎండాకాలం చివర మేత తక్కువగా ఉన్నప్పుడు క్యారెట్టు ముక్కల్లోనో ఓట్సులోనో మందు పెడతారు. పిండోన్ అనే మందు, రక్తం గడ్డకట్టనివ్వదు, మీ బ్రోమాడయోలోన్ తరహాయే. తర్వాత కుక్కల్ని తిప్పి, మిగిలినవి గుల్లలోకి దూరాక, ట్రాక్టరుకి పొడుగాటి ఇనుప కర్రులు కట్టి మూడడుగుల లోతు దాకా అడ్డంగా నిలువుగా దున్నేస్తారు. అంచు నుంచి లోపలికి. కొన్నాళ్ళాగి తిరిగి చూసి, మళ్ళీ తెరుచుకున్న నోళ్ళలో పొగ వదిలి మూస్తారు. ఈ వరస తప్పితే డబ్బు దండగ.

నేను మొదటిసారి చూసిన గుల్లకి ముప్పై దాకా నోళ్ళున్నాయి. చుట్టూ నేల గొరిగినట్టుంది. మొలిచిన మొక్క మొలిచినట్టే కొరికేసి ఉంది. మొక్క పెద్దదవ్వడానికి అవకాశమే లేదు. హెక్టారుకి ఒక కుందేలు కంటే తక్కువున్నా కొన్ని అడవి చెట్ల మొక్కలు బతకవని చెప్పారు.

ఈ దేశం తేలిక దారులన్నీ చూసింది. పశ్చిమాన 1901 నుంచి 1907 దాకా కంచె కట్టారు. అందులో ఒక్క దాని పొడవే 1,833 కిలోమీటర్లు. కుందేళ్ళు అప్పటికే దాటేశాయి. 1950లో మిక్సోమా వైరస్ వదిలారు, దోమలు మోసుకెళ్ళాయి, మొదట్లో తగిలినవి దాదాపు అన్నీ చచ్చాయి. జనం భయపడితే 1951లో ఫ్రాంక్ ఫెన్నర్, మక్‌ఫార్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ ముగ్గురూ ఆ వైరస్‌ని సొంత ఒంట్లోకి ఎక్కించుకుని మనిషికేం కాదని చూపించారు. తట్టుకున్న కుందేళ్ళు మళ్ళీ పెరిగాయి. 1995లో ఇంకో వైరస్‌ని వార్డాంగ్ దీవిలో పరీక్షిస్తుంటే అక్కడి నుంచి తప్పించుకుంది. 2017లో దాని కొత్త రకం కె5 వదిలారు. ప్రతిసారీ వైరస్ వచ్చిన ఏడు జనం ట్రాక్టర్లు షెడ్డులో పెట్టేశారు. గుల్లలు అలాగే మిగిలాయి. మా పొరుగాయన దాన్ని తల్చుకుని ఇప్పటికీ బాధపడతాడు.

మనుషుల సంగతి అడిగారు కదా. ఇక్కడ 1994 నుంచి చట్టమే ఉంది, తన భూమిలో కుందేళ్ళని అదుపులో పెట్టడం ఆసామి బాధ్యత. కానీ నోటీసు పట్టుకెళ్తే తలుపు మూసుకుంటారు. మెల్‌బోర్న్‌లో ఉండి శనాదివారాలు మాత్రం వచ్చే ఆసాములు మా వీధిలో ముగ్గురున్నారు, మీ హైదరాబాదు ఆసామి లాంటివాళ్ళే. మావాళ్ళు ఏం చేస్తారంటే, వాళ్ళొచ్చిన శనివారం ఇంటికెళ్ళి టీ తాగి, వాళ్ళ స్థలం నడిచి చూపించమంటారు. గుల్లలు వాళ్ళ చేతే ఫోను మ్యాపులో పెట్టిస్తారు. ఒకావిడకి కుందేళ్ళంటే ముద్దు. చంపనివ్వనంది. ఆవిడతో ఎవరూ వాదించలేదు. ఆవిడ నాటిన మొక్కల్లో సగానికి ఇనుప వల చుట్టి, సగం వదిలేసి చూడమన్నారు. వసంతంలో వల లేనివి ఒక్కటీ మిగల్లేదు. మరుసటి ఏడు ట్రాక్టరు అద్దె ఆవిడా ఇచ్చింది.

విక్టోరియన్ రాబిట్ యాక్షన్ నెట్‌వర్క్ అని 2014లో మొదలుపెట్టారు. రైతులు, ప్రభుత్వం వాళ్ళు, శాస్త్రవేత్తలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి. దానికి ముందే 1986లో ఇక్కడికి కాస్త దూరంలో సెయింట్ ఆర్నాడ్ దగ్గర రైతులు లాండ్‌కేర్ అని మొదలుపెట్టారు. పక్కపక్క పొలాలవాళ్ళు ఒక గుంపుగా నేల బాగుచేసుకోవడం. ముగ్గు, చింతగింజలు అదే పని కాదా?

ఇంకొక్క మాట. ఇది చదివి మన దిబ్బల మీద చెవులపిల్లుల్ని కొట్టకండి. అది వేరే జీవి. మన అడవి కుందేలు గుల్ల తవ్వదు, గడ్డిలోనే పడుకుంటుంది, మన నేలదే, వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

కాలవగట్టు (జనవరి 24, రాత్రి 8:15)

నేను రాసింది తీసేద్దామంటే తియ్యడం రావట్లేదు. అది తప్పే. కోడలుగారు రాసింది చదివాక మాకు తెలిసినాయన దగ్గరికెళ్ళి తీగ చుట్ట ఇంట్లో పెట్టించాను. మా బోదె కింద కూడా ముగ్గు వేద్దామనుకుంటున్నాం. యానాదులు మావైపు ఎవరూ లేరు. ఏం చెయ్యాలి?

కోనసీమ కోడలు (జనవరి 24, రాత్రి 9:00)

ఆ మాట విన్నాక ఇవాళ నాకు నిద్ర పడుతుందండి. పట్టేవాళ్ళు లేకపోతే గడ్డి పొగ యంత్రం వాడండి. డబ్బాలో ఎండుగడ్డి వేసి అంటించి చక్రం తిప్పితే పొగ కన్నంలోకి పోతుంది. మిగతా నోళ్ళన్నీ ముందే మట్టితో మూసెయ్యాలి. పొగ ఎక్కడి నుంచి బయటికి తేలుతుందో చూసి అక్కడా మూసి, ఇంకో మూడు నిమిషాలు తిప్పండి. రైతు సేవా కేంద్రంలో అడిగి చూడండి.

వేసవిలో కాలవలు కట్టేశాక ఇంకోసారి చెయ్యండి. చేలో తిండి, నీళ్ళు ఉండవు, ఎలుకంతా కాలవ గట్లకి, చెరువు గట్లకి చేరుతుంది. గట్లు కూడా అప్పుడే చెక్కి సన్నం చేసుకోండి. వెడల్పు గట్టు మనకి నడకకి బాగుంటుంది, దానికి ఇల్లు కట్టుకోడానికి బాగుంటుంది.

శివారు రైతు (ఫిబ్రవరి 16, రాత్రి 9:25)

జరిగింది రాస్తానని అనుకున్నాను, ఇన్నాళ్ళకి తీరిక దొరికింది.

జనవరి 26న స్కూల్లో జెండా ఎగరేశాక అక్కడే అరుగు మీద ముగ్గు గీశాం. గీసింది మా ఆవిడ, ఆవిడ ముఠాలో ఆరుగురు. నేను పక్కన నిలబడ్డానంతే. చింతగింజలు చాలక పెసలు తెచ్చారు. మురుగు కాలవ గట్టు పొడుగునా పెసలు పోస్తుంటే నా చేలో లేవన్నాయన వచ్చి చాలాసేపు చూశాడు. ఆయన చేను ఆ గట్టుకి ఆనుకునే ఉంది. మర్నాడు పొద్దున్నే లోపలికి దిగి చూసొచ్చి, ఖాళీ చాప తనకీ పడిందన్నాడు.

పెనుగొండ వైపు నుంచి పట్టేవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఆరు రాత్రులు బుట్టలు పెట్టారు. 90 ఎకరాల మీద 412 తోకలు. ఒక్కో తోకకి 30 చొప్పున ఏ సాయంత్రానికి ఆ సాయంత్రమే ఇచ్చాం. ఫిబ్రవరి 3న కన్నాలు మూశాం, 4న తెరిచినవి 138. పుల్లలకి మా అమ్మ పాత చీర చింపింది. పొట్లాలు అన్నీ ఆ రోజే పడ్డాయి, ఒక్క ఆ బీడు 3 ఎకరాల్లో తప్ప. హైదరాబాదు ఆసామికి ఫొటోలు పంపాను. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోను చేసి, "తుంగ కొట్టించెయ్యి బాబూ, కూలి నేను పంపుతాను" అన్నారు. డబ్బు పంపారు కూడా. తుంగ కొడితే కింద ఉన్న కన్నాలు చూసి మేమే బిత్తరపోయాం. ఆ బీడులోనే 41.

ఏఈవోగారూ, ఈ 19న రెండోసారి మూస్తున్నాం. మా చేను అప్పటికి 55 రోజులవుతుంది, చిరుపొట్ట పడినట్టే ఉంది. నిన్న ఓ పిలక చీల్చి చూశాను, లోపల గోరంత తెల్ల కుచ్చు కనిపించింది. ఇప్పుడు మందు పెట్టడమా, బుట్టలవాళ్ళనే మళ్ళీ పిలవడమా? పాత మందు తిన్న ఎలుక వాళ్ళకి దొరుకుతుందేమోనని భయం. అక్కగారు కూడా చెప్పాలి.

రిటైర్డ్ ఏఈవో (ఫిబ్రవరి 17, ఉదయం 6:30)

బుట్టలవాళ్ళని ఇప్పుడు పిలవకండి, మీ భయం సరైనదే. చేలో మందు కూడా వద్దు, తినవు. 19న మూసి, 20న తెరిచిన కన్నాలకి గడ్డి పొగ పెట్టండి. బీడులోనూ, మురుగు కాలవ గట్టు మీదా తెరిచినవాటికి మాత్రం పొట్లం పెట్టండి, అక్కడ వాటికి తిండి తక్కువ. పొట్లం కన్నం లోపలికే.

కోనసీమ కోడలు (ఫిబ్రవరి 17, ఉదయం 7:15)

ఆయనన్నట్టే చెయ్యి తమ్ముడూ. పట్టిన ఇద్దరికీ ఫోను చేసి ఇక్కడ మందు పడిందని మాత్రం చెప్పు, వేరే పని మీద ఆ వైపు వచ్చినా తెలియాలి. మీ ఆవిడకి నా తరఫున నమస్కారం చెప్పు.